డోర్నకల్ బిషప్ అజరయ్యగారు

మన విద్యార్థి సంఘం సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు నన్ను అడిగినప్పుడు, నేను ఎవరి గురించి వ్రాస్తానో వారే ముందుగా తేల్చేసుకున్నట్టున్నారు. మాది నర్సీపట్నం పక్కన బలిఘట్టం. ఆ ప్రాంతం వాడు అనగానే అల్లూరి సీతారామరాజు తప్ప మరొకరు గుర్తుకు రారు కదా! 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా మూడు రోజులు పడ్డ ఆ వీరుని కథ మా ఊళ్ళలో బడికెళ్ళే పిల్లవాడు కూడా తప్పు లేకుండా చెప్పేస్తాడు. అందుకే నేను దాని జోలికి పోలేదు. తెలిసిన కథే మళ్ళీ చెబితే పేజీలు నిండుతాయి గాని, చదివేవారికి మిగిలేదేముంది?

నేను వ్రాయబూనినది మన కాలేజీలో నూటికి తొంభైమంది పేరైనా విని ఉండని ఒక తమిళుని గురించి. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తెలుగునేల మీద ముప్పై అయిదేళ్ళు బతికి, ఇక్కడే మట్టిలో కలిసిపోయిన మనిషి. ఆంగ్లికన్ చర్చిలో బిషప్పు అయిన మొట్టమొదటి భారతీయుడు. అంతకన్నా ముఖ్యంగా, తన చర్చిలోనే పేరుకుపోయిన రంగు తేడాను ఆ చర్చి పెద్దల ఎదుటే నిలబడి ఎత్తి చూపినవాడు.

నేను క్రైస్తవుణ్ణి కాను. మా ఊరి దగ్గర వరాహ నది ఉత్తరంగా తిరుగుతుంది. శివరాత్రికి అక్కడ స్నానం చేసి కొండమీది బ్రహ్మలింగేశ్వరుణ్ణి చూసి రావడం మా ఇంట్లో తాతల నాటి నుంచీ ఉన్న అలవాటు. మరి నీకెందుకయ్యా ఈ బిషప్పుగారి గొడవ అని అడుగుతారేమో. అడగవలసిందే. చెబుతాను.

హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడు ఖమ్మం వైపువాడు. వాళ్ళ అమ్మమ్మ ఊరు డోర్నకల్. మొదటి సంవత్సరం క్రిస్మస్ సెలవుల తర్వాత అతను ఇంటినుంచి ఒక డబ్బా నిండా అరిసెలు తెచ్చేడు. గదిలో అందరూ తిన్నారు. నేను తినలేదు. కడుపు బాగాలేదని చెప్పేను. నా కడుపు బాగానే ఉంది. అతను మరోసారి అడగలేదు, డబ్బా మూత పెట్టేసి పక్కకు తిరిగేడు. అతనికి అర్థమైందని నాకూ అర్థమైంది. ఆ తర్వాత ఒక ఏడాది పైగా మేమిద్దరం ఒకే టేబిలు ల్యాంపు కింద లెక్కలు చేసేం గాని, ఆ అరిసెల మాట ఎప్పుడూ ఎత్తలేదు. వాళ్ళ అమ్మమ్మగారింట్లో గోడమీద ఏసుప్రభువు పటం పక్కన ఈ బిషప్పుగారి ఫోటో ఉంటుందని ఒకసారి మాటల్లో చెప్పేడు. ఎవరాయన అని అడిగేను. అక్కడ మొదలైంది.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న అప్పటి తిరునల్వేలి జిల్లాలో వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో పుట్టేరు. కులం నాడార్లు. తాటిచెట్లెక్కి కల్లు గీయడం, తాటిబెల్లం కాయడం వారి కులవృత్తి. మా అనకాపల్లి వైపు చెరకుబెల్లం వండే రైతులకు మార్కెట్లో కాస్త మర్యాద ఉన్నది గాని, ఆ రోజుల్లో తాటిబెల్లం కాసే నాడార్లకు గుడి మెట్టు ఎక్కే హక్కు కూడా లేదు. వారి నాన్నగారు థామస్ వేదనాయగం చదువుకునే రోజుల్లో క్రైస్తవ మతం పుచ్చుకుని, తర్వాత ఒక పల్లెకు గురువు అయ్యేరు. కొడుకు చిన్నప్పుడే ఆయన చనిపోయేరు. తల్లి ఎలెన్ గారు క్రమశిక్షణతో పెంచేరు.

మతం మారినంత మాత్రాన కులం మారలేదన్న సంగతి ఈ పిల్లవాడికి బళ్ళోనే తెలిసిపోయింది. క్రైస్తవుల బడిలోనే పిల్లలు కులాలవారీగా విడిపోయేవారు. ఆ తేడాలు పోవాలని విద్యార్థులు పెట్టుకున్న ఒక సోదర సంఘంలో ఆయన పాలు పంచుకున్నారు. పెద్దయ్యాక ఏం చేసేరో దానికి విత్తనం ఇక్కడే పడింది అనుకుంటాను.

తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరేరు. గణితం ఆయన సబ్జెక్టు. డిగ్రీ పరీక్షలు దగ్గరకొచ్చేసరికి జబ్బుపడి పరీక్ష వ్రాయలేకపోయేరు, మళ్ళీ వ్రాయనూ లేదు. డిగ్రీ లేకుండానే బయటపడ్డారు. (బ్యాక్‌లాగులు ఉన్న మిత్రులకు ఇది ఊరట కావచ్చు గాని, మా లెక్కల మాస్టారు ఈ వాక్యం చదవకపోతే బాగుణ్ణు.) ఆ డిగ్రీ లేని మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా చేరి దక్షిణదేశమంతా తిరిగేరు. అక్కడే షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ యువకునితో స్నేహం కలిసింది. ఈ స్నేహం ఆయన జీవితంలో చాలా పెద్ద సంగతి. తెల్లవాడు, నల్లవాడు ఒకే గదిలో ఉండి, ఒకే కంచం దగ్గర కూర్చుని, తప్పు జరిగితే ఒకరి తప్పు ఒకరు ముఖాన్నే చెప్పుకోవడం సాధ్యమేనని ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, అనుభవించి తెలుసుకున్నారు. అందుకే మిగతాచోట్ల అది లేకపోవడం ఆయనకు అంతగా గుచ్చుకుంది.

1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. కాలేజీ చదువు చదివిన తొలితరం దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. 1902లో యాళ్పాణం వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తామే వేరే చోటికి సువార్తికులను పంపుతున్న సంగతి చూసేరు. మనమెందుకు దొరల చేతివైపు చూడాలి అనే ఆలోచన కలిగింది. 1903 ఫిబ్రవరిలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. దాని నియమం ఒక్కటే: డబ్బు భారతీయులది, పనివాళ్ళు భారతీయులు, యాజమాన్యం భారతీయులది. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో దేశమంతటికీ కలిపి నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టడంలోనూ ఆయన ముందున్నారు. అది బెంగాల్ విభజన మీద స్వదేశీ ఉద్యమం రగులుతున్న ఏడు. గాలి అటే వీస్తోంది.

ఆ తిరునల్వేలి సొసైటీ వారు పని చేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలో డోర్నకల్. సింగరేణి బొగ్గు రైళ్ళు మలుపు తిరిగే జంక్షను, చుట్టూ అడవి, పేద పల్లెలు. వేరే చోటికి సువార్తికుల్ని పంపి తాను పట్నంలో కూర్చోవడం అజరయ్యగారికి నచ్చలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, ఉన్న మంచి ఉద్యోగం వదులుకుని, భార్యాపిల్లలతో డోర్నకల్ వచ్చేసేరు. మొదట్లో గుడారంలో కాపురం. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దేరు. తర్వాత తర్వాత తెలుగులో ప్రసంగాలు చేసి, పుస్తకాలు వ్రాసేటంత నేర్చుకున్నారు. తమిళం వాడు మన భాష నేర్చుకోవడం ఏపాటి కష్టమో, మనం తమిళం నేర్చుకోబోతే తెలుస్తుంది.

ఇక అసలు ఘట్టానికి వస్తాను.

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందలకు పైగా ప్రతినిధులు. అందులో ఆసియా, ఆఫ్రికా దేశస్థులు అందరినీ కలిపి లెక్కపెట్టినా ఇరవై మందికి మించరు. ప్రపంచాన్నంతా క్రైస్తవం చేయడానికి కూర్చున్న సభలో ఆ ప్రపంచం తాలూకు మనుషులు ఇరవైమంది! విదేశీ పనివారికీ స్వదేశీ పనివారికీ మధ్య సహకారం అనే విషయం మీద మాట్లాడమని అజరయ్యగార్ని అడిగేరు. మెత్తగా నాలుగు మాటలు చెప్పి, దొరలకు కృతజ్ఞతలు చెప్పి దిగిపోతే చప్పట్లు కొట్టేవారే. ఆయన అలా చేయలేదు.

ఇండియాలో తెల్ల మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య సంబంధం ఉండవలసిన తీరుగా లేదని ఆయన సూటిగా చెప్పేరు. అది యజమానికీ జీతగాడికీ మధ్య ఉండే సంబంధంలా ఉందన్నారు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా ఒకరి ఇంట్లో ఒకరు భోజనం చేయని వారున్నారన్నారు. దొరల త్యాగాన్ని ఆయన తక్కువ చేయలేదు. వాళ్ళు దేశం వదిలి వచ్చేరు, ఆస్తులు ఇచ్చేరు, జ్వరాలతో చచ్చిపోయేరు కూడా. అదంతా ఒప్పుకుని, ఒక్కటి మాత్రం ఇవ్వలేదని చెప్పేరు. అది స్నేహం. ఆ స్నేహాన్నే ఆయన ఆ సభలో అడిగేరు. సభ నిర్ఘాంతపోయిందిట. కొందరు మెచ్చుకున్నారు, కొందరు మండిపడ్డారు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. పక్కనున్న వాళ్ళలో చాలామంది ఆయన జీతం, ఆయన భవిష్యత్తు తేల్చగలిగిన వాళ్ళు.

ఈ సంగతి మొదట చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. కారణం ఎడింబరో కాదు. మా కళ్ళంపాక.

మా ఇంట్లో ఒక పాలికాపు ఉన్నాడు. పేరు వ్రాయను. మా తాత కాలం నుంచీ ఉన్నాడు, ఇప్పుడు అరవై దాటేయి. చెరకు నరకడం దగ్గర్నుంచి, గానుగాడే రోజుల్లో తెల్లవార్లూ పెనం కింద పిప్పి ఎగదోయడం దాకా అతని చేతిమీదే. బెల్లం పాకం ఎప్పుడు దింపాలో మా నాన్నకన్నా అతనికే బాగా తెలుసు. రెండేళ్ళ క్రితం అతనికి కామెర్లు వస్తే మా నాన్న విశాఖపట్నం తీసుకెళ్ళి, పదిరోజులు తిరిగి, ఖర్చంతా తనే పెట్టుకుని వైద్యం చేయించేరు. అతని కూతురి పెళ్ళికి బియ్యం, బట్టలు మా ఇంటినుంచే వెళ్ళేయి. మా నాన్న మంచివారు, ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. కాని ఆ పాలికాపు టీ తాగే సత్తుగ్లాసు కళ్ళంపాక చూరులో దోపి ఉంటుంది. అతనే తీసుకుంటాడు, అతనే కడుక్కుంటాడు, అతనే మళ్ళీ దోపుకుంటాడు. ఇలా చెయ్యమని మా ఇంట్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. వద్దని చెప్పగానూ వినలేదు. మా అమ్మ పైనుంచి టీ పోస్తుంది, గ్లాసుకి గిన్నె తగలదు. నేను మాటలొచ్చినప్పటి నుంచీ అతన్ని ఒరే అనేవాణ్ణి. అతను నన్ను బాబూ అనేవాడు.

అజరయ్యగారు ఎడింబరోలో తప్పుబట్టింది చెడ్డవాళ్ళను కాదు. అక్కడే ఉంది చిక్కంతా. చెడ్డవాణ్ణి తిట్టడం తేలిక. అన్నీ పెట్టి, మందులిచ్చి, బడి కట్టించి, చేయి మాత్రం అందించనివాడితో ఏమని చెప్పాలి? ఆ మనిషి నొచ్చుకుంటాడు. ఇంత చేస్తే ఇదా అంటాడు. మా నాన్న దగ్గర ఈ మాట ఎత్తడానికి నాకు రెండు సెలవులు పట్టింది. ఎత్తినా పూర్తిగా చెప్పలేకపోయేను. అజరయ్యగారు పన్నెండువందలమంది ముందు చెప్పేరు.

ఎడింబరో మాటలకు జవాబు అన్నట్టుగా రెండేళ్ళకే పెద్ద తగాదా వచ్చింది. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు అజరయ్యగార్ని బిషప్పు చేయాలని పట్టుబట్టేరు. ఆంగ్లికన్ చర్చి అప్పట్లో రాజుగారి చర్చి. దాని బిషప్పంటే కలెక్టరు, జడ్జీల వరసలో మర్యాద అందుకునే దొర. ఆ కుర్చీలో నల్లవాడు కూర్చుంటే, తెల్ల గురువులు అతని కింద ఎలా పనిచేస్తారు, తెల్ల పిల్లల తలమీద అతను చెయ్యి ఎలా పెడతాడు అని గొడవ. పైకి ఇలా అనకుండా, అనుభవం చాలదు, కాలం రాలేదు అన్నవారు కొందరు. ఇది మనకు తెలియని భాష కాదు. మన దగ్గర కూడా ఎవర్నైనా వెనక్కి నెట్టాలంటే అర్హత మాటే ముందు వస్తుంది.

విచిత్రమేమిటంటే ఎదురుతిరిగింది తెల్లవారొక్కరే కాదు. తిరునల్వేలి క్రైస్తవుల్లో పైకులాల నుంచి వచ్చినవారు కొందరు నాడారు బిషప్పును ఒప్పుకోలేకపోయేరు. అంటే ఆయన మీద ఒకేసారి రెండు కత్తులు: ఒకటి రంగుది, ఒకటి కులానిది. ఒక చేత్తో దొరలతో సమానత్వం అడిగే మనుషులే రెండో చేత్తో సొంతవాణ్ణి కిందికి తోసేరు.

చివరికి రాజీ కుదిరింది. తెల్లవారు దాదాపు లేని ఒక చిన్న ప్రాంతాన్ని, డోర్నకల్ చుట్టుపక్కల పల్లెల్ని, విడదీసి ఒక డయోసీసు చేసి ఆయనకు అప్పగించేరు. దాంతోబాటు మద్రాసు బిషప్పుకు సహాయకుడనే హోదా ఇచ్చేరు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో పదకొండుమంది బిషప్పులు ఆయన తలమీద చేతులుంచేరు. అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్ళు. గౌరవమూ ఇచ్చేరు, గిరీ కూడా గీసేరు. కాని ఆ గిరి నిలవలేదు. 1920ల్లో కృష్ణా, కర్నూలు వైపు ఇంగ్లీషు మిషన్ల కింద ఉన్న తెలుగు ప్రాంతాలు కూడా డోర్నకల్‌లో కలిసేయి. ఆ మిషన్లలోని తెల్ల గురువులూ, తెల్ల టీచర్లూ ఒక నల్ల బిషప్పు కింద పనిచేయడం మొదలుపెట్టేరు. రాదన్న కాలం వచ్చేసింది. ఆకాశం విరిగి పడలేదు.

ఇక డోర్నకల్‌లో ఆయన చేసిన పని గురించి. ఎద్దుబండి మీద పల్లె పల్లె తిరిగేవారు. చర్చిలో చేరినవాళ్ళు దాదాపు అందరూ మాలలు, మాదిగలు. ఊరికి అవతల గుడిసెలు, వెట్టిచాకిరీ, తరతరాల అప్పు. అపరిశుభ్రత, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగూ తమ పల్లెలకు పట్టిన దయ్యాలని ఆయన ప్రచారం చేసేరు. సహకార సంఘాలు, వైద్యశాలలు, బళ్ళు, అచ్చుయంత్రం వచ్చేయి. 1930ల నడిమికి దాదాపు 250 మంది భారతీయ గురువులు, రెండువేలమందికి పైగా పల్లె ఉపదేశకులు ఉండేవారు. వీళ్ళలో ఎక్కువమంది ఆ మాల మాదిగ వాడల్లోంచి వచ్చినవాళ్ళే. ఆయన చివరి రోజులకు డయోసీసులో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఉపదేశకులతో బాటు వాళ్ళ భార్యలకు కూడా చదువు చెప్పించాలని అన్బు మరియమ్మాళ్ గారు పట్టుబట్టి చేయించేరు. కోతల పండగ రోజున జనం కోళ్ళు, గుమ్మడికాయలు, ధాన్యం తలమీద పెట్టుకుని ఊరేగింపుగా గుడికి తెచ్చేవారు. పేదవాడు కూడా ఇచ్చేవాడే గాని పుచ్చుకునేవాడు మాత్రమే కాకూడదని ఆయన పట్టుదల.

కాని వాడలోనూ కులం ఉంది. మాలలు, మాదిగలు ఒకరి బావి దగ్గరికి ఒకరు వెళ్ళేవారు కాదు, ఒకరింట ఒకరు తినేవారు కాదు. చర్చిలో చేరినా ఆ పట్టింపు వదల్లేదు. ఆంగ్లికన్ల ఆరాధనలో ప్రభువు బల్ల అని ఒకటుంటుంది. ద్రాక్షరసం ఒకే గిన్నెలోంచి అందరూ ఒకరి తర్వాత ఒకరు తాగాలి. ఎంగిలి! మన సంఘంలో కులమంతా నిలబడి ఉన్నది ఎంగిలి అన్న మాట మీదే కదా. అజరయ్యగారు ఆ ఒక్క గిన్నె విషయంలో ఎప్పుడూ లొంగలేదు. ఏ కులంవాడైనా ఆ గిన్నెలోంచే తాగాలి. తాగనివాడికి ఆ బల్ల దగ్గర చోటు లేదు. వాదనలు, వ్యాసాలు కాదు, ఒక గిన్నె. మా కళ్ళంపాక గ్లాసు తెలిసినవాణ్ణి గనుక ఆ గిన్నె బరువు నాకు తెలుసు.

ఆ పల్లెల్లో మనుషులు మారడం చూసి 1930ల్లో కొన్ని రైతు కుటుంబాలు, నాలాంటి శూద్ర కుటుంబాలు, కూడా చర్చిలోకి వచ్చేయి. అయితే అన్నిచోట్లా కులం పోయిందని చెబితే అబద్ధం. ఈరోజుకీ చాలాచోట్ల క్రైస్తవులు పెళ్ళి సంబంధాలు కులం చూసే చేస్తారని నా మిత్రుడే చెబుతాడు. వాళ్ళ స్మశానాల గురించి కూడా చెప్పేడు, అది వ్రాయను.

ఆయన్ను విమర్శించినవాళ్ళూ ఉన్నారు. వారిలో గాంధీగారు ఒకరు. హరిజనులను మతం మార్చడం తగదని 1936, 37 సంవత్సరాల్లో గాంధీగారు గట్టిగా వ్రాసేరు, వారిద్దరికీ ఈ విషయంలో చివరిదాకా పొసగలేదు. చదువులేనివాళ్ళు ఆశపడి మారతారన్నది ఒక వాదన. పేదవాడికి మాత్రం తన దేవుణ్ణి తాను ఎంచుకునే బుద్ధి లేదా అన్నది అజరయ్యగారి వాదన. ఎవరిది సరి అని తేల్చేటంత వాణ్ణి కాను. కాని రెండో మాట నన్ను ఆలోచింపజేసింది. మరోవైపు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని 1932లో ప్రభుత్వం అన్నప్పుడు, వద్దన్నవారిలో ఆయన ఉన్నారు. తన మనుషులు దేశంలోంచి విడిపోయిన ఒక ముక్క కావడం ఆయనకిష్టం లేదు. ఇంగ్లీషు పద్ధతులమీద, ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం మీద ఆయనకు మమకారం మరీ ఎక్కువన్నది కూడా నిజమే. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళిన మనిషి కాదు.

మరొక్క సంగతి నన్ను చాలా బాధపెట్టింది. 1912లో ఒక భారతీయుణ్ణి బిషప్పు చేసేరు కదా, దారి పడింది, ఇక వరసగా వస్తారనుకుంటాం. ఒకరిద్దరు సహాయక బిషప్పులు తప్ప, ఒక డయోసీసుకు అధిపతిగా ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్పు 1945 దాకా ఆయనొక్కరే. ముప్పై రెండేళ్ళు! ఆయన తర్వాత డోర్నకల్ పీఠం ఎక్కింది కూడా విదేశీయుడే. ఒక్కణ్ణి పైకెక్కించి, వాడిని చూపించి మిగతా తలుపులన్నీ మూసేసుకోవడం ఎంత తేలికో దీన్నిబట్టి తెలుస్తుంది.

శాఖల గోడలు కూడా విదేశాలనుంచి వచ్చినవేనని, మన పల్లెవాడికి వాటితో పనిలేదని ఆయన అనుకునేవారు. 1919 మేలో తరంగంబాడిలో 33 మంది గురువులు కలిసి చర్చిలన్నీ ఏకం కావాలని ప్రకటించేరు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్యగారు అందులో ముఖ్యులు. ఆ పని తేలడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అంటామే, అది 1947 సెప్టెంబరు 27న పుట్టింది. అది చూడ్డానికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసేరు. డెబ్భై ఏళ్ళు.

పోయిన క్రిస్మస్ సెలవుల్లో నా మిత్రునితో డోర్నకల్ వెళ్ళేను. విజయవాడలో రైలు మారి, చలిలో వణుకుతూ తెల్లవారుజామున దిగేం. అక్కడి కెథెడ్రల్ కట్టడానికి ఇంచుమించు పాతికేళ్ళు పట్టిందిట, 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసేరు. దూరం నుంచి చూస్తే మసీదు అనుకున్నాను, గుమ్మటాలు అలా ఉన్నాయి. దగ్గరికెళితే స్తంభాలు మన గుడి మండపంలోవి. ఇంగ్లండు చర్చిని తెచ్చి ఇక్కడ దింపడం ఆయనకిష్టం లేదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆయన సమాధి ఆ ఆవరణలోనే ఉంది. మేం వెళ్ళేసరికి ఎవరో బంతిపూలు పెట్టి వెళ్ళేరు.

అమ్మమ్మగారు మమ్మల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టేరు. తర్వాత అరిసెల డబ్బా తెచ్చి మూత తీసి నా ముందు పెట్టేరు. నేను నా మిత్రుని వైపు చూసేను. అతను నవ్వుతూ నా కడుపు ఎలా ఉందని అడిగేడు. నాలుగు తిన్నాను.

అతను కాలేజీలో బి.సి.-సి కింద చేరేడు. షెడ్యూల్డు కులాల మీద 1950లో వచ్చిన ఉత్తర్వు క్రైస్తవుడైన మాలను ఎస్.సి.గా ఒప్పుకోదు, తర్వాత సిక్కులను, బౌద్ధులను చేర్చేరు గాని క్రైస్తవులను చేర్చలేదు. వాళ్ళ ఊళ్ళో మాత్రం వాడు మాలవాడే. కాగితం మీద కులం పోయింది, వీధిలో పోలేదు.

సంక్రాంతికి ఇంటికెళ్ళేను. పొలంలో పాలికాపు గట్టు చెక్కుతున్నాడు. మా అమ్మ ఇచ్చిన ఫ్లాస్కు, రెండు స్టీలు గ్లాసులు పట్టుకుని వెళ్ళి, తాతా, టీ తాగుదువుగాని రా అని పిలిచేను. ఎవర్ని పిలుస్తున్నానా అని అతను వెనక్కి తిరిగి చూసేడు. వెనకాల ఎవరూ లేరు. పార పక్కన పెట్టి వచ్చేడు గాని స్టీలు గ్లాసు ముట్టుకోలేదు, కళ్ళంపాకలో తన గ్లాసు ఉందన్నాడు. నేను గ్లాసు అతని చేతిలో పెట్టేసేను. నిలబడే తాగేడు. ఆపైన దాన్ని కాలవలో మూడుసార్లు కడిగి నాకిచ్చి, మడికి నీళ్ళు మళ్ళించాలని చెప్పి వెళ్ళిపోయేడు.